గవదబిళ్ళలు కాని వాపు

మన త్రైమాసికలో నా పేరు కనబడగానే, ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ గురించో, నామినేషన్ ఫారం గురించో, ఆదాయపు పన్ను గురించో అయివుంటుందని పేజీ తిప్పేసే సభ్యులు కొందరున్నారని నాకు తెలుసు. ఈసారి మాత్రం దయచేసి తిప్పవద్దు. ఇంట్లో పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలున్నవారు, మనవలు మనవరాళ్ళు ఉన్నవారు తప్పకుండా చదవాలని మనవి. విషయం పిల్లలకు చెంపకూ చెవికీ మధ్య వచ్చే గడ్డల గురించి. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, లాలాజల గ్రంథుల్లో పుట్టే కణుతుల గురించి.

నేను కామర్సు చదివినవాణ్ణి. కోవిల్‌పట్టిలో బి.కాం. పూర్తిచేసి బ్యాంకులో చేరి, ముప్పయ్యేళ్ళుగా అంకెలతోనే కాలక్షేపం చేస్తున్నాను. వైద్యం నా శాఖ కాదు. కాని మా చెల్లెలి కూతురికి ఈ జబ్బు వచ్చినప్పుడు ఫైలు చంకన పెట్టుకొని డాక్టర్ల వెంట తిరిగినవాణ్ణి నేనే. అడగవలసినవి అడిగాను, చెప్పినవి డైరీలో రాసుకొన్నాను, అర్థం కానివి మళ్ళీ అడిగాను. ఆ డైరీ వల్ల ఇంకో నాలుగు కుటుంబాలకు మేలు జరిగితే చాలునని మా చెల్లెలూ బావా అన్నారు. పిల్ల కూడా "రాయి మామా, నా పేరు మాత్రం వెయ్యొద్దు" అంది. అందుచేత పేర్లు రాయడం లేదు.

మన ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే అయినా జబ్బుల పేర్లు చాలామటుకు అరవంలోనే ఉంటాయి. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపట్ల నల్లరేగడి పల్లెల్లో మన పెద్దలు వచ్చి స్థిరపడి కొన్ని శతాబ్దాలు గడిచాయి. కోవిల్‌పట్టి పక్కనే ఇడైచేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ వలస వచ్చినవాళ్ళ కథను అరవంలో నవలగా రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకొన్నారు. ఆయన ఇంటి భాష తెలుగే. మా ఇంట్లోనూ అంతే. అన్నం, నీళ్ళు, కోపం, లాలన తెలుగులో. రేషను కార్డు, బస్సు, ఆసుపత్రి అరవంలో. పిల్లకు చెంప వాస్తే మా అమ్మ "పొన్నుకు వీంగి వచ్చింది" అంటుంది. "గవదబిళ్ళలు" అన్న మాట నేను నెల్లూరు బ్రాంచిలో పనిచేసే రోజుల్లో, మా క్యాషియరు ఇచ్చిన సెలవు చీటీలో చదివి నేర్చుకొన్నాను.

"పొన్ను" అంటే బంగారం. చెంపలు వాచిన పిల్లకు మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు తీసిపోతుందని మన పక్క నమ్మకం. గొలుసుతోపాటు వేపాకు, పసుపు నూరి పట్టు వేస్తారు. నమ్మకం ఎందుకు నిలిచిందో ఆలోచిస్తే కారణం కనబడుతుంది. గవదబిళ్ళలు వైరస్ వల్ల వచ్చే జబ్బు. వారం పది రోజుల్లో చాలామంది పిల్లలకు దానంతట అదే తగ్గిపోతుంది. గొలుసు వేసినా తగ్గుతుంది, వెయ్యకపోయినా తగ్గుతుంది. వేసినవాళ్ళు గొలుసుకు పేరిస్తారు. గవదబిళ్ళల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. నష్టమల్లా, ఆ వాపు గవదబిళ్ళలు కానప్పుడు.

2022 జూన్‌లో బడులు తెరిచిన కొత్తల్లో మా మేనకోడలికి ఎడమ చెవి కిందుగా, దవడ ఎముక మలుపు తిరిగే చోట, వేరుశనగ గింజంత గడ్డ కనిపించింది. అప్పుడు దానికి పదమూడేళ్ళు. తల దువ్వేటప్పుడు మా చెల్లెలి చేతికి తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు, తినడానికి ఇబ్బంది లేదు. కోవిల్‌పట్టి పిల్లలకు హాకీ పిచ్చి ఎంతో మీకు తెలుసు. ఇదీ ఆడేదే. "బంతి తగిలివుంటుంది, కమిలింది" అన్నాడు మా బావ. ఆయన అగ్గిపెట్టెల కార్ఖానాలో లెక్కలు చూస్తాడు, నెమ్మదస్తుడు. బళ్ళో ఇద్దరు ముగ్గురు పిల్లలకు గవదబిళ్ళలు వచ్చాయని తెలిసి మా అమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది. తన మెడలోని మూడు సవర్ల గొలుసు తీసి మనవరాలి మెడలో వేసింది.

పది రోజులు గడిచాయి, ఇరవై గడిచాయి. గడ్డ అలాగే ఉంది. అక్కడి డాక్టరొకరు ఒక కోర్సు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. తగ్గలేదని వెళ్తే ఇంకో కోర్సు ఇచ్చారు. ఆగస్టు వచ్చేసరికి వేరుశనగ గింజ చింతగింజ అయింది. ఆ ఆదివారం నేను విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి వెళ్ళాను. యాభై కిలోమీటర్లలోపు దారే. పిల్ల చెంప చూశాను.

బ్యాంకులో మాకొక పద్ధతి ఉంది. వాయిదా కట్టని అప్పును ముప్పై రోజులు దాటితే ఒక గడిలో వేస్తాం, అరవై దాటితే ఇంకో గడిలో, తొంభై దాటితే మొండిబాకీ అంటాం. మనిషి మంచివాడా, ఇస్తానన్నాడా అన్న మాటలకు అక్కడ చోటు లేదు. గడువే కొలత. నేను చెల్లెలితో అదే అన్నాను. "అమ్మా, ఇది అరవై రోజులు దాటింది. రేపు విరుదునగర్‌కు తీసుకురా. చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపిద్దాం."

"అన్నా, ఊరికే భయపెట్టొద్దు. నొప్పే లేదే!" అంది.

మన ఇళ్ళల్లో నొప్పి లేకపోతే జబ్బు లేనట్టే. విరుదునగర్ డాక్టరుగారు మొదట సరిచేసింది ఈ లెక్కనే. ఆయన గడ్డను రెండు వేళ్ళతో పట్టి చూసి, నోరు తెరిపించి లోపల లైటు వేసి చూసి, పిల్లచేత కళ్ళు గట్టిగా మూయించి, పళ్ళు చూపించమని, ఆ తరువాత మాతో అన్నారు: "గవదబిళ్ళల వాపు మెత్తగా, నొప్పిగా, చెంపంతా పరుచుకొని ఉంటుంది. సాధారణంగా రెండు పక్కలా వస్తుంది. పది రోజుల్లో పోతుంది. ఇది ఒక్క పక్క, గట్టిగా, గోలీలాగా ఉంది. పది వారాలైంది. చిన్న గడ్డే కావచ్చు, కాని ఏమిటో తెలుసుకోకుండా వదలకూడదు."

ఇక్కడ ఆ గ్రంథుల సంగతి కొంచెం చెప్పాలి. నోట్లో ఊరే లాలాజలం రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉంటుందట. దీన్ని తయారుచేసే పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవి ముందు, చెవి కిందా ఉండేది పెరోటిడ్ గ్రంథి, అన్నిటికంటె పెద్దది. దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. వాటిని బడి పుస్తకాల్లో అధోజంభిక, అధోజిహ్విక అని చదివాం. ఇవికాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో కంటికి కనబడని చిన్న గ్రంథులు కొన్ని వందలు ఉంటాయి. పిల్లల్లో కణుతులు వస్తే ఎక్కువభాగం పెరోటిడ్‌లోనే వస్తాయి.

ఈ కణుతులు చాలా అరుదు. లాలాజల గ్రంథుల కణుతులు వచ్చే వంద మందిలో పిల్లలు ఐదుగురు కూడా ఉండరు. చెవి కింద గడ్డతో వచ్చే పిల్లల్లో చాలామందికి అది బిళ్ళ కట్టడమో, చీము పట్టడమో, వైరస్ వాపో, ఒక్కొక్కసారి క్షయ బిళ్ళో అయివుంటుంది. కొందరు పిల్లలకు మూడు నాలుగేళ్ళ వయసు నుంచి పెరోటిడ్ గ్రంథి మాటిమాటికి వాచి తగ్గుతూ ఉంటుంది. యుక్తవయసు వచ్చేసరికి అది చాలావరకు మానిపోతుంది. కాబట్టి చెంప వాచిన ప్రతి పిల్లకూ భయపడనక్కర లేదు. అయితే లెక్కకు రెండో పక్క కూడా ఉంది. గ్రంథిలో నిజంగా గట్టి కణితే ఉందని తేలితే, అది క్యాన్సరు అయ్యే పాలు పెద్దవాళ్ళలోకంటె పిల్లల్లో ఎక్కువ. పెద్దవాళ్ళ పెరోటిడ్ కణుతుల్లో సుమారు ఐదింట ఒకటి క్యాన్సరైతే, పిల్లల్లో కొన్ని ఆసుపత్రుల లెక్కల్లో అది సగం దాకా ఉంది. అరుదైనదని వదిలెయ్యడానికి వీల్లేనిది అందుకే.

వయసునుబట్టి కూడా తేడా ఉంది. ఏడాదిలోపు పసిబిడ్డకు చెంప మీద మెత్తగా ఉబ్బి, ఏడ్చినప్పుడు నీలంగా పొంగే వాపు చాలావరకు రక్తనాళాల గడ్డ. ఇది క్యాన్సరు కాదు. కొన్ని నెలలు పెరిగి, తరువాత కొన్నేళ్ళలో తనంతట తాను కుంగిపోతుంది. ఒకప్పుడు దీనికి స్టెరాయిడ్లు ఇచ్చేవారు. 2008లో ఫ్రాన్సులో బోర్డో నగరపు డాక్టర్లు గుండె బాధకు ప్రొప్రనొలాల్ అనే మందు ఇచ్చిన పసిబిడ్డకు ముఖం మీది రక్తనాళాల గడ్డ కూడా కుంగిపోవడం చూశారు. అప్పటినుంచి అవసరమైన బిడ్డలకు ఆ మందే మొదట ఇస్తున్నారు. కత్తి అవసరం చాలామందికి రావడంలేదు. పదేళ్ళు దాటిన పిల్లల్లో వచ్చే గట్టి గడ్డల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి ప్లియోమార్ఫిక్ అడినోమా. ఇది క్యాన్సరు కాదుగాని ఉంచకూడదు. రెండోది మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా. ఇది క్యాన్సరు. పిల్లల లాలాజల గ్రంథుల క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చేది ఇదే.

మా పిల్లకు అల్ట్రాసౌండ్ స్కాను తీశారు. గ్రంథిలోపలే గడ్డ ఉందని తెలిసింది. తరువాత సన్నని సూదితో కాస్త ద్రవం లాగి పరీక్షకు పంపాలన్నారు. ఈ మాట బయటికి పొక్కగానే ఇల్లు బంధువులతో నిండిపోయింది. "సూది గుచ్చితే పాకిపోతుంది" అని ఒకరు. "వాత పెట్టే ముసలాయన ఉన్నాడు, మూడు వాతలకు దిగిపోతుంది" అని ఇంకొకరు. నేను సూది మాట డాక్టరుగారినే నేరుగా అడిగాను. సన్న సూది పరీక్ష వల్ల గడ్డ పాకడం ఎక్కడో నూటికి కోటికి తప్ప జరగదనీ, సూది వద్దని తెలియకుండా కొయ్యడమే అసలు ప్రమాదమనీ ఆయన చెప్పారు.

ఆయన మాట విలువ వారంలోనే తెలిసింది. ఎవరో చెప్పారని మా బావ ఒక చిన్న నర్సింగ్ హోంలో వాకబు చేస్తే, "అరగంట పని, మత్తు సూది వేసి గడ్డ ఊడదీసి పంపించేస్తాం" అన్నారట. ఖర్చు తక్కువ. పిల్ల ఆ రాత్రికే ఇంటికి రావచ్చు. ఇంట్లో అందరికీ అదే నచ్చింది. విరుదునగర్ డాక్టరుగారు మాత్రం ఒక తెల్ల కాగితం తీసుకొని బొమ్మ గీసి చూపించారు. ఆ బొమ్మ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

మెదడు నుంచి వచ్చే ఏడో నరం, ముఖాన్ని కదిలించే నరం, చెవి వెనకనుంచి బయటికి వచ్చి సరిగ్గా ఈ పెరోటిడ్ గ్రంథి మధ్యలోంచి పోతుంది. గ్రంథిలోపలే చెట్టు కొమ్మల్లాగా ఐదు శాఖలు అవుతుంది. ఒకటి నుదుటికి, ఒకటి కంటికి, ఒకటి చెంపకూ పైపెదవికీ, ఒకటి కిందిపెదవి మూలకు, ఒకటి మెడకు. నుదురు ముడవడం, కన్ను మూయడం, నవ్వడం, ఈల వెయ్యడం అన్నీ దీని పనే. చూడకుండా గడ్డను పెరికితే ఈ కొమ్మల్లో ఏది తెగుతుందో చెప్పలేం. రెండో ప్రమాదం, ఈ గడ్డలకు పైన సన్నని పొర ఉంటుంది. పొర చిట్లి లోపలిది చిందితే, క్యాన్సరు కాని ప్లియోమార్ఫిక్ అడినోమా కూడా పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఒకటి పది గడ్డలై తిరిగి వస్తుంది. రెండోసారి ఆపరేషన్ మొదటిదానికంటె చాలా కష్టం. అందుకే గడ్డను మాత్రమే ఊడదియ్యరు. ముందు నరాన్ని వెతికి పట్టుకొని, దాని వెంబడి పోతూ, గడ్డను చుట్టూ ఉన్న ఆరోగ్యమైన గ్రంథి భాగంతో కలిపి తీస్తారు. అరగంట పని కాదది.

సూది పరీక్ష రిపోర్టులో మ్యూకోఎపిడెర్మాయిడ్ కావచ్చని అనుమానం రాశారు. ఆ మాట ఇంటికి ఎలా చెప్పాలా అని నేను సతమతమవుతుంటే మా చెల్లెలు ఆ కాగితం నా చేతిలోంచి తీసుకొని చదివింది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, ఎవరికీ చెప్పకుండా చేయించలేమా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. మన వాళ్ళల్లో సంబంధాలు చుట్టాల మధ్యనే తిరుగుతాయి. ఒక ఇంట్లో క్యాన్సరు అంటే ఆ ఇంటి ఆడపిల్లలందరి పెళ్ళిళ్ళకూ అడ్డమవుతుందన్న భయం ఉంది. "ఆ వంశంలోనే ఉంది" అనే మాట ఒక్కసారి పుడితే చాలు. అందుచేత మదురైలో ఆపరేషన్‌కు ముందు సర్జనుగారిని నేను అడిగిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి. ఆయన చెప్పింది యథాతథంగా డైరీలో ఉంది. ఈ క్యాన్సరు సాధారణంగా తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. పుట్టిన తరువాత, గ్రంథిలో ఏదో ఒక కణంలో, వేర్వేరు చోట్ల ఉండవలసిన రెండు జన్యువుల ముక్కలు పొరపాటున అతుక్కోవడం ఇటువంటి గడ్డల్లో సగానికి పైగా కనిపిస్తుంది. ఆ అతుకు గడ్డలోనే ఉంటుంది. పిల్ల ఒంట్లో మిగతాచోట ఉండదు, రేపు దాని బిడ్డలకు పోదు. ఎందుకు అతుక్కొంటుందో ఎక్కువమంది విషయంలో చెప్పలేరు. గట్టిగా తెలిసిన కారణం ఒక్కటే, చిన్నతనంలో వేరే క్యాన్సరుకు తలకూ మెడకూ రేడియేషన్ ఇచ్చివుండడం. పిల్ల తిన్నదీ తాగినదీ, ఆడిన హాకీ, తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు చూసిన గ్రహణం, వీటిలో ఏదీ కారణం కాదు. ఈ పేరాను మాత్రం మన సభ్యులు ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించాలని నా కోరిక.

2022 సెప్టెంబరులో మదురైలో ఆపరేషన్ జరిగింది. అంతకు ముందు ఎం.ఆర్.ఐ. తీశారు. బావకు కార్ఖానాలో ఇచ్చే జీతంతో అంత సొమ్ము ఒక్కసారి కూడదు. నేను కొంత సర్దాను. మిగతాదానికి మా అమ్మ తన గొలుసే తెచ్చి ఇచ్చింది. మనవరాలి మెడలోంచి తీసిన అదే మూడు సవర్ల గొలుసు. బ్యాంకులో తాకట్టు పెడితే ఎనభై వేలు వచ్చాయి. "పొన్నుకు వీంగికి పొన్ను పనికొచ్చింది చూడు" అంది మా అమ్మ. ఆమెతో వాదించలేదు.

సమ్మతి పత్రం మీద సంతకం చేసేముందు నేను ప్రతి వాక్యం చదివాను. లోను పత్రాల మీద చదవకుండా సంతకం పెట్టేవాళ్ళను ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. అందులో ముఖం నరం బలహీనపడవచ్చునని, చెవి తమ్మె మొద్దుబారవచ్చునని, లాలాజలం కొన్నాళ్ళు గాయంలోంచి ఊరవచ్చునని రాసివుంది. ఒక్కొక్కటీ అడిగితే సర్జనుగారు విసుక్కోకుండా చెప్పారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరం పనిచేస్తున్నదా అని చూసే యంత్రం తగిలిస్తామన్నారు. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో మా చెల్లెలు మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

తెలివి వచ్చాక సర్జనుగారు మంచం దగ్గర నిలబడి పిల్లను అడిగినవి: "కనుబొమ్మలు పైకెత్తు. కళ్ళు గట్టిగా మూసుకో. బుగ్గలు పూరించు. పళ్ళు చూపించు." నుదురు లేచింది. కళ్ళు మూసుకొన్నాయి. పళ్ళు చూపించినప్పుడు మాత్రం కిందిపెదవి ఎడమ మూల కదలలేదు. మా చెల్లెలు గోడవైపు తిరిగింది. సర్జనుగారు వెంటనే, "నరం తెగలేదు, నేను కంటితో చూశాను. ఆపరేషన్‌లో కదిలించడంవల్ల సొమ్మసిల్లింది. కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు పడుతుంది" అన్నారు. మా పిల్లకు తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాలూ అద్దం ముందు కూర్చొని రోజుకు మూడుసార్లు "ఈ" అంటూ, "ఊ" అంటూ వ్యాయామం చేసింది. ఎవరైనా చూస్తే చున్నీ అడ్డం పెట్టుకొనేది. దీపావళి ఫొటోల్లో అది ఒక్కదానిలోనూ నవ్వలేదు. పొంగలు ఫొటోల్లో నవ్వింది. ఆ తేడా మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ కనబడదు.

చెవి తమ్మె మొద్దుబారడం ఇంకా ఎక్కువ కాలం ఉంది. "మామా, కమ్మ పెట్టుకొంటే పెట్టుకొన్నట్టే తెలియదు, ఊడిపోయినా తెలియదు" అనేది. ఒక కమ్మ నిజంగానే మైదానంలో పోగొట్టుకొంది. ఏడాది దాటాక స్పర్శ కొంత తిరిగివచ్చింది.

పూర్తి బయాప్సీ రిపోర్టు పది రోజులకు వచ్చింది. మ్యూకోఎపిడెర్మాయిడే. కాని తక్కువ తీవ్రత గలది, అంచులు శుభ్రంగా ఉన్నాయి, బిళ్ళల్లో లేదు. ఆ గాజు పలకలను చెన్నైలో ఇంకొక పాథాలజిస్టుకు కూడా చూపించాం; అదే మాట. ఇటువంటి తక్కువ తీవ్రత గల గడ్డను పూర్తిగా తీసివేయగలిగితే నూటికి తొంభైమందికి పైగా పిల్లలు ఐదేళ్ళ తరువాత కూడా క్షేమంగా ఉంటున్నారని చెప్పారు. రేడియేషన్ అవసరం లేదన్నారు. పెరిగే వయసులో దవడ ఎముకల మీద దాని ప్రభావం ఉంటుంది గనుక, అది లేకుండా సరిపోయే పిల్లలకు ఇవ్వరట. అవసరమైన పిల్లలకు ఇస్తారు. తీవ్రత ఎక్కువైనప్పుడు, అంచుల్లో మిగిలినప్పుడు, బిళ్ళల్లోకి పాకినప్పుడు.

ఆరు నెలల తరువాత ఇంకో వింత. అన్నం తింటుంటే, ముఖ్యంగా ఊరగాయ నంజుకొంటే, పిల్లకు ఎడమ చెంప ఎర్రబడి చెమట పట్టేది. మా అమ్మ మళ్ళీ కంగారు పడింది. ఇది తెలిసిన సంగతేనట. గ్రంథికి పోవలసిన సన్ననరాల కొసలు మళ్ళీ పెరిగేటప్పుడు దారితప్పి చర్మంలోని చెమట గ్రంథులకు అతుక్కొంటాయి. నోరు ఊరవలసినప్పుడు చెంప ఊరుతుంది. 1923లో లూట్సియా ఫ్రేయ్ అనే పోలండు వైద్యురాలు దీన్ని విడమరచి రాసింది గనుక ఆమె పేరుమీదనే పిలుస్తారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో, 1942లో, నాజీల ఆక్రమణలోని ల్వూవ్ నగరపు యూదుల వాడలో ఆమె జీవితం ముగిసింది. కోవిల్‌పట్టిలో ఒక పిల్ల ఆవకాయ తింటూ చేతిరుమాలు అడిగినప్పుడల్లా నాకు ఆ మహాతల్లి పేరు గుర్తుకువస్తుంది.

ఇక వైద్యం దొరికే చోట్ల మాట. నా చిన్నతనంలో ఈ జిల్లాలవాళ్ళు పెద్ద జబ్బంటే మదురైకో, తిరునెల్వేలికో, చెన్నైకో పోవలసిందే. 2022 జనవరిలో విరుదునగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. క్యాన్సరుకు మన రాష్ట్రంలో దారి చూపినది అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. చెల్లెలు క్యాన్సరుతో చనిపోవడం చూసిన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు పట్టుబట్టి 1954లో కొద్ది పడకలతో దాన్ని మొదలుపెట్టించారు. డాక్టర్ శాంత గారు 1955లో అక్కడ చేరి, 2021లో కన్నుమూసేదాకా ఆ ఆవరణనే ఇల్లు చేసుకొన్నారు. డబ్బులేని రోగిని వెనక్కు పంపకూడదన్నది అక్కడి సంప్రదాయం. ఆదాయం తక్కువగల కుటుంబాలకు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా పథకం ఉంది. దానికి గ్రామ పరిపాలనాధికారి ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, రేషను కార్డు కావాలి. కార్డు జబ్బు రాకముందే తీసుకొని ఉంచుకోవడం మంచిది. ఆసుపత్రి వరండాలో కూర్చొని ఆ పత్రం కోసం ఫోన్లు చేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

నా డైరీలోంచి మన సభ్యులకు పనికివచ్చేవి నాలుగు మాటలు ఎత్తి రాస్తున్నాను. పిల్లకు చెవి ముందు, చెవి కింద, దవడ కింద, అంగిట్లో గానీ గట్టి గడ్డ కనబడితే కేలండరు మీద ఆ తేదీ రాయండి. రెండు మూడు వారాల్లో పోకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. నొప్పి లేదని ఆగవద్దు. గడ్డ ఉన్న పక్క కన్ను సరిగా మూసుకోకపోయినా, పెదవి ఓరగా పోయినా, గడ్డ గబగబా పెరుగుతున్నా ఆ రోజే చూపించండి. స్కాను, సూది పరీక్ష లేకుండా కోసేస్తామంటే ఒప్పుకోవద్దు. "ముఖం నరాన్ని ఎలా కాపాడతారు? ఇటువంటివి మీరు చేస్తుంటారా?" అని మర్యాదగా అడగండి. మంచి సర్జను కోపగించుకోడు. రిపోర్టులు, స్కాను ఫిల్ములు, బయాప్సీ గాజు పలకలు, మైనపు దిమ్మలు ఎక్కడున్నాయో రాసి ఉంచుకోండి. ఇరవయ్యేళ్ళ తరువాత కూడా అవి కావలసిరావచ్చు. తగ్గిందని తనిఖీలు మానవద్దు.

గవదబిళ్ళల టీకా సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. 2017లో ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఎం.ఆర్. టీకా తట్టుకూ రుబెల్లాకూ మాత్రమే. గవదబిళ్ళలు కూడా చేరినది ఎం.ఎం.ఆర్. టీకా. మీ పిల్లల డాక్టరును అడిగి వేయించండి. గవదబిళ్ళలు రాకుండా చూసుకొంటే చెంప వాచినప్పుడు అనుమానానికి ఒక కారణం తగ్గుతుంది.

మా పిల్లకు ఆపరేషన్ అయి మూడేళ్ళు దాటింది. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, తరువాత ఆరు నెలలకొకసారి మదురై వెళ్తున్నాం. ఇప్పటిదాకా శుభ్రంగా ఉంది. ఇంకా చాలా ఏళ్ళు చూస్తూ ఉండాలన్నారు. ఆ తేదీలన్నీ నా డిపాజిట్ల డైరీలోనే, మెచ్యూరిటీ తేదీల పక్కన రాసివున్నాయి. పిల్ల మళ్ళీ హాకీ ఆడుతున్నది. చెవి కింద మెడదాకా సన్నని గీత ఒకటి ఉంది. జడ వేసుకొంటే కనబడుతుంది, వదిలేస్తే కనబడదు. అది జడే వేసుకొంటుంది.

ఈ విషయమై ఎవరికైనా సందేహం ఉంటే సంఘం కార్యాలయంలో చీటీ ఇవ్వండి. నాకు తెలిసినంతవరకు ఏ డాక్టరును ఏమి అడగాలో చెప్పగలను. వడ్డీ రేట్ల గురించి వచ్చే సంచికలో రాస్తాను.